నీల్ ద్వీపానికి రెండు టికెట్లు

మా షెడ్డు పైకప్పు రేకులు మార్చాలని యజమాని చెప్పడంతో ఈ ప్రయాణం మొదలైంది. చెన్నైలో అంబత్తూరు పారిశ్రామికవాడలో నాకు ఒక లేత్ మిషను ఉంది. కంపెనీలు ఇచ్చిన కొలతకు లోహపు ముక్కలు చెక్కి ఇవ్వడం నా పని. బడిలో నేర్చుకున్నది కాదు, పక్కవాళ్ళు చేస్తుంటే చూసి నేర్చుకున్నాను. ఫిబ్రవరిలో పది రోజులు షెడ్డు తెరవడానికి వీల్లేదన్నారు. ముప్ఫై ఏళ్ళలో నాకు పది రోజులు ఒక్కసారిగా ఖాళీ రావడం ఇదే మొదలు. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయాక ఇంట్లో నేనొక్కడినే. పది రోజులు ఆ ఇంట్లో కూర్చోవడం తలచుకుంటేనే ఊపిరాడలేదు.

అండమాన్ వెళ్ళాలన్నది పాత మాట. అది నా మాట కాదు, గోవిందన్నది. ఇరవై రెండేళ్ళు మేమిద్దరం ఒకే షెడ్డులో ఎదురెదురు మిషన్ల మీద పనిచేశాం. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. పడవ ఇంజను నుంచి నీళ్ళలోని రెక్కలకు వెళ్ళే ఇరుసు తిరగడానికి ఒక గుండ్రటి తొడుగు వేస్తారు, బుష్ అంటాం. అవి వందల కొద్దీ చేశాం. ద్వీపాల మధ్య తిరిగే పడవలకు పోతాయని కంపెనీవాళ్ళు చెప్పేవారు. "మనం చేసిండేవి తిరిగే నీళ్ళలో ఒకసారి కాళ్ళు పెట్టి రావల్ల దామూ" అనేవాడు గోవిందన్న. ప్రతి ఎండాకాలం అనేవాడు, ఏ ఎండాకాలమూ వెళ్ళలేదు. మూడేళ్ళ కింద ఆయన షెడ్డు వదిలి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి మా ఇద్దరి మధ్య మాటల్లేవు. ఎందుకన్నది తర్వాత రాస్తాను.

అండమాన్ గురించి నెట్‌లో వెతికితే ఇసుక, పగడాలు, సూర్యాస్తమయాల ఫోటోలు బోలెడు దొరుకుతాయి. చెన్నైలో ఉండేవాళ్ళు బయల్దేరే ముందు ఒక్క రోజులో ఏర్పాట్లన్నీ ఎలా చేసుకోవచ్చో నాకు ఎక్కడా దొరకలేదు. అందుకే ఆ ఒక్క రోజు గురించి రాస్తున్నాను. రోజూ ఖర్చులు రాసుకునే అలవాటుంది కాబట్టి అంకెల్లో తప్పులుండవు.

డిసెంబరు మొదట్లో ఒక సోమవారం పొద్దున ఎనిమిది నలభైకి అంబత్తూరులో లోకల్ ఎక్కాను. సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి పార్క్ స్టేషనుకు వెళ్ళి, తాంబరం వైపు రైలు పట్టుకుంటే మాంబళంలో దిగుతాం. మొత్తం టికెట్టు పది రూపాయలు. ఆటోలో వెళ్తే నాలుగు వందలకు తక్కువ అడగరు, ట్రాఫిక్‌లో ముందుగా చేరేదీ లేదు. మాంబళం స్టేషను బయట రంగనాథన్ వీధిలో ఆ వేళకు దుకాణాల షట్టర్లు సగమే లేచి ఉన్నాయి. జనం లేని ఆ వీధిని చూడాలంటే అదొక్కటే సమయం. అక్కడినుంచి పాండీ బజారు వెనక సందులో ఉన్న ట్రావెల్ ఆఫీసుకు పదిహేను నిమిషాల నడక. చీరల కొట్టు మీద రెండో అంతస్తు. పదింటికి తెరుస్తారు. నేను పది నిమిషాలు ముందే చేరి మెట్ల మీద నిలబడ్డాను.

లోపల శ్రావణి అనే అమ్మాయి కూర్చుంది. రాజమండ్రి నుంచి వచ్చి రెండేళ్ళయిందట. నా తమిళం యాస విని వెంటనే తెలుగులోకి మారింది.

"నీల్ ఐలాండా సార్? అందరూ హేవ్‌లాక్ ఐలాండ్ అడుగుతారండి. నీల్‌లో ఏముంటుంది, కొబ్బరి చెట్లు, అరటి తోటలు, సముద్రం. అంతేనండి."

"అక్కడ జనం తక్కువని చదివాను."

"తక్కువేనండి. మనుషులంటే పడదా ఏంటి మీకు?" అని నవ్వింది. నేనూ నవ్వాననుకుంటాను.

ఆ అమ్మాయి పని మాత్రం శుభ్రంగా చేసింది. వెళ్ళేవాళ్ళకు పనికొస్తుందని ఆమె చెప్పినవన్నీ ఇక్కడ పెడుతున్నాను. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే ఇప్పటి శ్రీవిజయపురానికి, విమానంలో రెండుంబావు గంటలు. ఓడ కూడా ఉంది, చవక, కానీ మూడు రోజుల దాకా పడుతుంది, ఎప్పుడు బయల్దేరుతుందో ముందుగా తెలియదు. దిగిన రోజు ఊళ్ళోనే ఉండి, మర్నాడు పొద్దున పడవలో నీల్‌కు వెళ్ళాలి. దాన్ని ఇప్పుడు షహీద్ ద్వీప్ అంటున్నారు. పడవలో రెండు గంటలలోపే. సముద్రం బాగా లేకపోతే పడవలు ఆపేస్తారు కాబట్టి తిరిగి వచ్చే విమానానికి ఒక రోజు ముందే పోర్ట్ బ్లెయిర్ చేరిపోవాలి. అండమాన్ తూర్పున బాగా దూరంగా ఉంది, గడియారం మాత్రం మనదే. అందుకని సాయంత్రం ఐదున్నర దాటితే చీకటి పడుతుంది, పొద్దున ఐదున్నరకే వెలుగు వస్తుంది. ద్వీపంలో ఫోను సిగ్నలు నమ్మడానికి లేదు, చేతిలో నోట్లు ఉంచుకోవాలి.

"ఎంతమందండీ?" అని అప్పుడు అడిగింది.

నేను ముందు ధరలు అడిగాను. ఆమె కంప్యూటరు తెర నా వైపు తిప్పింది. ఐదు రాత్రులకు గదులు, పడవలు, టిఫిను కలిపి, విమానం కాకుండా, గదిలో ఇద్దరుంటే తలకు ఇరవై ఒక్క వేల తొమ్మిది వందలు. ఒక్కరే ఉంటే ముప్ఫై ఒక్క వేల రెండు వందలు.

"ఒక్కరైనా గది గదేనండి మరి. ఇద్దరైతే మీకు తొమ్మిది వేల మూడొందలు తగ్గుద్ది. అయినా ఒక్కరే వెళ్ళి ఏం చేస్తారండి అక్కడ? సూర్యుడు మునిగాక మాట్లాడ్డానికైనా ఒకళ్ళుండాలి కదా."

"ఇద్దరం" అన్నాను.

డబ్బు తగ్గుతుందని అన్నానని ఆ నిమిషంలో సర్ది చెప్పుకున్నాను. రెండో మనిషి ఖర్చు కూడా నేనే పెట్టుకోబోతుంటే ఆ లెక్క నిలవదు. లెక్కలు తెలిసిన నాకు అది తెలియక కాదు.

"దంపతులాండీ? హనీమూన్ ప్యాకేజీ అయితే మంచం మీద పూలు కూడా వేస్తారు."

"పూలు వద్దమ్మా. మా అన్న వస్తాడు."

"సొంత అన్నయ్యగారా?"

"కలిసి పనిచేశాం."

గోవిందన్న ఆధార్ ఫోటో నా ఫోనులో ఉంది. కంపెనీల్లో సరుకు దింపడానికి గేటు దగ్గర ఇద్దరి కార్డులూ చూపించాల్సి వచ్చేది, అప్పటిది. ఆ ఫోటో పంపించాను. శ్రావణి పేరు టైపు చేస్తూ, "డేట్లు ఆయనకి ఓకే కదండీ? విమానం టికెట్టు ఒకసారి తీస్తే పేరు మార్చరు" అంది.

"ఆఁ" అన్నాను.

రానూపోనూ విమానం ఒక్కొక్కరికి పదకొండు వేల ఏడు వందలు. ఇద్దరికి ఇరవై మూడు వేల నాలుగు వందలు అక్కడే కట్టేశాను. గదులకూ పడవలకూ పది వేలు అడ్వాన్సు. టికెట్టు కాగితం మీద రెండు పేర్లు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. మెట్లు దిగుతూ రెండుసార్లు తీసి చూసుకున్నాను.

పాండీ బజారులో ఎండకు పనికొచ్చే టోపీ నూట ఎనభై, నీళ్ళలో నడవడానికి రబ్బరు చెప్పులు రెండు వందల ఇరవై. బేరమాడితే ఇంకా తగ్గేవేమో, నాకు చేతకాదు. చెప్పులు తప్పకుండా కొనుక్కోండి, నీల్‌లో నీళ్ళు తగ్గినప్పుడు అడుగున పగడపు రాళ్ళు కాళ్ళు కోసేస్తాయట. పన్నెండున్నరకు ఒక మెస్‌లో భోజనం చేశాను, నూట నలభై. వడ్డించే ఆయన, "ఒక్కరేనా? అయితే ఇట్లా రండి" అని, అప్పటికే తింటున్న ఒక పెద్దాయన ఎదురుగా కూర్చోబెట్టాడు. ఆయన తిన్నంతసేపూ ఫోనే చూసి, చేయి కడుక్కోవడానికి లేచి వెళ్ళిపోయాడు. నా మనసు అప్పటికే సౌకార్‌పేటలో ఉంది. గోవిందన్న పనిచేసేది అక్కడే.

ఆయన షెడ్డు ఎందుకు వదిలాడో ఇక రాయాలి. బుష్ లోపలి రంధ్రం వెంట్రుక మందం పెద్దదైనా కంపెనీ తిప్పి పంపుతుంది. పెద్దదైన రంధ్రాన్ని చిన్నది చేయలేం. కొత్త ముక్కతో మళ్ళీ మొదలుపెట్టాల్సిందే. ఒక దశలో గోవిందన్న ముక్కల్లో తేడాలు రావడం మొదలైంది. కొలత గీతలు ఆయనకు సరిగా కనబడటం లేదని వారం తిరక్కుండానే నాకు తెలిసింది. చెప్పలేదు. ఆదివారాలు ఒక్కడినే షెడ్డుకు వెళ్ళి, చెడిపోయినవి తీసేసి, కొత్తవి చేసి, ఆయన పేర్చినట్టే ఆయన పెట్టెలో పేర్చి వచ్చేవాణ్ణి. ఎనిమిది నెలలు అలా చేశాను. ఒక ఆదివారం అవసరమై సరుకు కోసం వచ్చిన కంపెనీ సూపర్‌వైజరు నన్ను చూశాడు. తర్వాత ఒక రోజు అందరి ముందూ నవ్వుతూ, "పెద్దాయన ఆరు రోజులు చేస్తాడు, దామోదరం ఏడో రోజు బాగుచేస్తాడు" అనేశాడు. గోవిందన్న మిషను ఆపి, చేతులు కడుక్కుని, తన పనిముట్లు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. నేను ఒక్క మాట అనలేదు. కంటి శుక్లాలు తీయించుకున్నాడనీ, సౌకార్‌పేటలో స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కే పనిలో చేరాడనీ తర్వాత ఎవరో చెప్తే విన్నాను.

మాంబళంలో రైలెక్కి మళ్ళీ పార్క్ స్టేషనులో దిగేసరికి రెండున్నర. అక్కడినుంచి సౌకార్‌పేటకు నడిచి వెళ్ళొచ్చు, ఇరవై నిమిషాలు. ఎండ ఎక్కువగా ఉందని ఆటో ఎక్కాను. నడపడానికి ధైర్యం కావలసిన సందులు కాబట్టి నూరు రూపాయలంటే మాట్లాడకుండా ఒప్పుకున్నాను. డ్రైవరు చిత్తూరు వైపు మనిషి. నా చేతిలో టోపీ చూసి మొదలుపెట్టాడు.

"యాడికి సార్ టూరు?"

"అండమాన్."

"ఆడేముండాది సార్? సముద్రమే గదా. ఈడ మెరీనా లేదా? ఇరవై రూపాయల్లో అయిపోతాది."

"ఈడ జనం ఎక్కువ."

"జనం లేకపోతే సముద్రం ఏం బాగుంటాది సార్? బజ్జీలు అమ్మేవోడు కూడా ఉండడు" అని తనే నవ్వుకుని, ఎదురొచ్చిన తోపుడుబండిని తమిళంలో తిట్టాడు.

సౌకార్‌పేటలో గిన్నెల కొట్లన్నీ ఒకే వీధిలో ఉన్నాయి. గోవిందన్న ఒక పెద్ద కొట్టు ముందు, గుమ్మం పక్కన చిన్న బల్ల వేసుకుని కూర్చున్నాడు. చేతిలో పెన్నులాంటి చెక్కుడు మిషను జుయ్యిమంటోంది. మెడలో దారంతో కళ్ళద్దాలు. పక్కన గృహప్రవేశానికి పంచడానికి కొన్న స్టీలు డబ్బాల గుట్ట, ఎదురుగా వాటిని కొన్న ఒకామె. కాగితం మీద ఆమె రాసిచ్చిన పేర్లను ఆయన తమిళంలో పైకి చదివి వినిపిస్తున్నాడు. రెండోసారి కూడా చదివాడు.

"ఎన్నిసార్లు అడుగుతావు తాతా? మా పేర్లు మాకు తెలియవా?" అందామె.

"నీకు తెలుసమ్మా. నాకు తెలియాల. చెక్కినాక చెరపలేను."

ఆమె నవ్వి, సరేనని తల ఊపాక గానీ మొదలుపెట్టలేదు. మూడు డబ్బాలు అయ్యాక తల ఎత్తి నన్ను చూశాడు. ఆశ్చర్యం ఏమీ కనబడలేదు. కూర్చోమని అనలేదు, కాలితో స్టూలు నా వైపు జరిపాడు.

"ఏంరా ఈ పక్క?"

"ఊరికే వచ్చినానన్నా. కన్ను ఎట్లుండాది?"

"బాగుండాది. దూరం తేటగా కనిపిస్తాది. దగ్గిరకి ఇది గావాల" అని కళ్ళద్దాలు చూపించాడు. "నీ తల బాగా నెరిసిందే."

ఎలా మొదలుపెట్టాలో తెలియక జేబులోంచి టికెట్టు కాగితం తీసి ఇచ్చాను. ఆయన అద్దాలు సరిచేసుకుని చదివాడు. పైనుంచి కిందికి ఒకసారి, మళ్ళీ ఒకసారి.

"ఇందులో నా పేరుండాదే."

"అవునన్నా."

"ఎవురిచ్చినారు?"

"నేనే."

"నన్నడిగినావా?"

ఆయన కాగితాన్ని జాగ్రత్తగా మడిచి బల్ల మీద పెట్టాడు.

"ఆ పొద్దూ అడగల, చెప్పల. ఈ పొద్దూ అంతే. నువ్వు మంచోడివే దామూ, నాకు తెల్దా? ఆదివారం తిండి మానుకుని నాకోసం చేసినావు. గానీ నేనేమైతిని? నా పని బాగుండాదనుకుని కాలరెగరేసుకుని తిరిగితిని. ఆడ కంపెనీలో వాళ్ళందురూ నవ్వుకుంటా ఉంటే, తెలీని పిచ్చోణ్ణి నేనొక్కణ్ణే."

"బాధపడతావని చెప్పలేదన్నా."

"పడనీరా! నా బాధ నేను పడతా. కన్ను కనపడలేదన్నా నీకు అని ఒక్క మాట అనుంటే, ఒక వారం కోపంగా ఉందును, పోయి ఆపరేషన్ చేసుకుందును, వచ్చి మళ్ళా నీ ఎదురుగా నిలబడుందును. మూడేళ్ళు పోగొడితివి గదరా, నీవీ నావీ."

లోపలినుంచి సేటు, "గోవిందూ, ఆ డబ్బాలు అయినాయా?" అని తమిళంలో కేకేశాడు. "అవుతాండాయి సేటూ" అని ఈయన తెలుగులోనే బదులిచ్చి ఇంకో డబ్బా తీసుకున్నాడు. అది చెక్కడం పూర్తయ్యేదాకా నేను వీధిలోకి చూస్తూ కూర్చున్నాను.

"ఇప్పుడడుగు" అన్నాడు.

"ఏందన్నా?"

"అడగాల్సింది. కాయితం ఇచ్చేది కాదు. నోరు తెరిచి అడుగు."

యాభై ఏడేళ్ళ మనిషిని. "అన్నా, ఫిబ్రవరిలో నాతో అండమాన్‌కి వస్తావా?" అన్నాను. ఇంతకుముందు నేనెవరినీ ఎక్కడికైనా రమ్మని అడిగినట్టు గుర్తు లేదు.

ఆయన నా ముఖంలోకి చూశాడు.

"రాన్రా" అన్నాడు.

కారణం కూడా తనే చెప్పాడు. "ముహూర్తాలు ఉండాయి, పని ఎక్కువ అని చెప్పొచ్చు. అది నిజమే గూడా. గానీ అందుకు కాదు. నాకింకా కోపం పోలేదు. నీ పక్కన ఆరు దినాలు ఒకే గదిలో ఉండలేను. నీకు అబద్దం చెప్పి పంపించేది ఇష్టం లేదు."

"సరేన్నా" అన్నాను.

"టీ తాగి పో."

టీ వచ్చింది. ఇద్దరం తాగాం. నేను జేబులో చేయి పెట్టబోతే, "ఈడ నేనిస్తా" అన్నాడు. లేచేటప్పుడు, "నువ్వు మానుకోవద్దు. ఒక్కడివే పోయిరా" అన్నాడు. మళ్ళీ రమ్మని గానీ రావద్దని గానీ అనలేదు. నేను వీధి మలుపు దాకా వెళ్ళి చూసేసరికి ఇంకెవరి పేరో పైకి చదువుతున్నాడు.

సెంట్రల్ వైపు నడుస్తూ నాలుగున్నరకు శ్రావణికి ఫోను చేశాను. ఒక టికెట్టు రద్దు చేసి, గది ఒక్కరికి మార్చమన్నాను.

"అయ్యో. ఆయనకి ఓకే అన్నారు కదండీ?"

"నేను అడగలేదమ్మా. అడగకుండానే చెప్పాను."

"మా నాన్న కూడా ఇంతేనండి, మాకు చెప్పకుండా మా కోసం అన్నీ చేసేస్తారు" అంది. తర్వాత లెక్క చెప్పింది. విమానం పదకొండు వేల ఏడు వందల్లో రెండు వేల నూట యాభై తిరిగి వస్తుంది. గదికి ఒక్కరి ధర కట్టాలి. పడవ టికెట్లు ఇంకా తీయలేదు కాబట్టి అందులో నష్టం లేదు. ఐదుంబావుకు సెంట్రల్‌లో లోకల్ ఎక్కి, ఆరు దాటాక అంబత్తూరులో దిగి ఇంటికి వెళ్ళాను. తాళం తీసి, దీపం వేసి, టోపీని మేకుకు తగిలించాను.

ఒంటరిగా ఉండటం నాకు కొత్త కాదు. ఇంతవరకూ ఆ ఒంటరితనానికి తోడు పని ఉండేది. ఫిబ్రవరిలో అది కూడా ఉండదు, సముద్రం ముందు ఉత్త చేతులతో కూర్చోవాలి. ఈ మూడేళ్ళూ గోవిందన్న ఏమనుకుంటున్నాడో నేనే ఊహించుకుని, ఆయన తరఫున నేనే జవాబులు చెప్పుకున్నాను. నా ఊహలో ఆయన కొన్నిసార్లు తిట్టేవాడు, ఎక్కువసార్లు ఏమీ జరగనట్టు వచ్చి మిషను ముందు నిలబడేవాడు. నిజంగా అన్నది ఆ రెండూ కాదు. రాను అన్నాడు, కారణం చెప్పాడు. వినడానికి కష్టంగా ఉంది, ఇది రాస్తున్నప్పుడు కూడా ఉంది. కానీ అది నేను అల్లుకున్న మాట కాదు, ఆయన మాట. ప్రయాణం మానుకోవడం లేదు. విమానం పొద్దున ఆరుంబావుకు, ఇంటినుంచి మూడింటికే బయల్దేరాలి.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా. ఇద్దరి ధర చూసి తొందరపడి రెండో పేరు ఇవ్వకండి. విమానం టికెట్టులో ఒకరి పేరు తీసి ఇంకొకరిది పెట్టరు, రద్దు చేస్తే వచ్చేది కొంచెమే. ఎవరిని తీసుకెళ్ళాలనుకుంటున్నారో ఆ మనిషిని ముందు నోటితో అడగండి. ఫోనులో అడగలేకపోతే నాలాగా రైలెక్కి వెళ్ళి అడగండి, కాకపోతే టికెట్టు కొనకముందు వెళ్ళండి.